డీఫాల్ట్ అనే కిరాయిదారు

గోదావరిఖని చౌరస్తాకు కూతవేటు దూరంలో, చెప్పుల దుకాణం మీది గదిలో మూడు రోజులుగా ఒక సర్వర్ లేవడం లేదు. సర్వర్ అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. ఎవరి పిల్లవాడో ఇంజనీరింగ్ అయ్యాక వదిలేసిన కంప్యూటర్. దాని మీదొక తువ్వాల, తువ్వాల మీద ఓపెన్‌కాస్టు దుమ్ము, ముందు ఊదుబత్తి. కుర్చీలో నాకు అల్లుడి వరసయ్యే కుర్రాడు. వెనక బెంచీ మీద ఓ పొదుపు సంఘం పెద్దలు. సంఘం పేరు చెప్పను. చెబితే వచ్చే నెల నా చిట్టీ పాట గోదాట్లో కలుస్తుంది.

సంఘం వారి ప్రకటన మాత్రం చెప్పాలి. "పేదల అప్పుల కోసమే తయారైన సాఫ్ట్‌వేర్. పైసా ఖర్చు లేదు. ఇది లేచిందంటే కార్మికవాడల్లో వడ్డీ బాధ పోయినట్టే!" ఇన్నాళ్లూ మన వడ్డీ బాధకు కారణం లెక్క సరిగ్గా రాయకపోవడమేనని నాకు అప్పుడే తెలిసింది.

నిజానికి బొగ్గుబాయిల ఊళ్లో లెక్క తప్పిన అప్పు ఎక్కడైనా ఉందా? గిరిగిరి ఫైనాన్స్ నడిపే పెద్దమనిషిని చూడండి. జేబులో పట్టే డైరీ ఒక్కటే ఆయన సర్వర్. కరెంటు పోయినా నడుస్తుంది, వైరస్ సోకదు. బ్యాకప్‌గా బాకీదారుల ఏటీఎం కార్డులు రబ్బరు బ్యాండు వేసి దాచుకుంటాడు. పిన్ నంబర్లన్నీ కంఠతా వచ్చు. జీతాలు పడ్డ రోజు కార్మికుడి కన్నా ముందు ఏటీఎం దగ్గర ఆయనకే మస్టర్ పడుతుంది. ఇంత పకడ్బందీ వ్యవస్థ మీదికా మనం పాత కంప్యూటర్‌తో యుద్ధానికి పోతున్నది?

సాఫ్ట్‌వేర్ పుట్టుకను తప్పుపట్టడానికి లేదు. గ్రామీణ్ ఫౌండేషన్ వాళ్లు మిఫోస్ పేరుతో 2006లో లోకానికి వదిలారు. 2011లో వాళ్లు తప్పుకుంటే అభిమానులు ఎత్తుకుని సాకారు. దాని లోపలి ఇంజను 2017లో ఫినెరాక్ట్ పేరుతో అపాచీ ఫౌండేషన్ పూర్తిస్థాయి ప్రాజెక్టు అయింది. కోడంతా బహిరంగం. ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. మా గదిలో విప్పి చూసినవాడు లేడన్నది వేరే సంగతి.

మొదటి రోజు జావా మొరాయించింది. "ఏందిరా అల్లుడా, ఇంక లేవలేదా అది?" అన్నాడు బెంచీ మీది కాకా. బాయిల సర్దారుగా చేసి దిగిపోయిన మనిషి. "జావా పాతదట కాకా" అన్నాడు కుర్రాడు. "నేనూ పాతోణ్నే, నన్నెవరు లేపుతున్నరు" అన్నాడాయన. రెండో రోజు డేటాబేస్ లోపలికి రానివ్వలేదు. కుర్రాడికి విసుగొచ్చి ఫోల్డర్లన్నిటికీ '777' అనుమతి కొట్టేశాడు. అంటే అందరికీ అన్ని హక్కులూ. రాజ్యాంగం తర్వాత ఈ దేశంలో ఇంత ఉదారంగా హక్కులు పంచింది ఆ అంకె ఒక్కటే. అయినా సర్వర్ లేవలేదు. తెర నిండా ఎర్ర అక్షరాలు. మావాడు మొదటి వరస చదవడం, సర్వర్ ఆపి మళ్లీ పెట్టడం, పెద్దలు ఊదుబత్తి మార్చడం. అసలు జబ్బు ఆ అక్షరాల అట్టడుగున, చివరి 'కాజ్డ్ బై' దగ్గర ఉంటుందని ఎవరికీ తట్టలేదు.

తట్టదు కూడా. మనం అప్పును చదివే పద్ధతీ ఇదే. మొదటి వరసలో 'తాగుడు' అని కనపడగానే చదవడం ఆపేస్తాం. కిందికి దిగితే బిడ్డ పెళ్లి ఉంటుంది, ఆస్పత్రి ఉంటుంది, ఆలస్యంగా అందే కాంట్రాక్టు కూలి ఉంటుంది. అంత కిందికి దిగే ఓపిక బాయిలో ఉన్నట్టు గదిలో ఉండదు.

మూడో రోజు సాయంత్రం సర్వర్ లేచింది. 'ఈ చోటు సురక్షితం కాదు' అని బ్రౌజర్ మొత్తుకుంది. "ఏం కాదు, ముందుకు పో" అన్నారు పెద్దలు. అప్పు కాగితం మీద వేలిముద్ర వేయించేటప్పుడు వాడే మాటే అది. లోపలికి పోవడానికి పాస్‌వర్డ్ ఏమిటంటే, 'పాస్‌వర్డ్'. తయారీదారులు తాత్కాలికంగా పెట్టింది, మార్చుకోమని ఇచ్చింది. మార్చలేదు. ఇక ఈ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో సంస్థను ఒక్కో టెనెంట్ అంటారు, అంటే కిరాయిదారు. మొట్టమొదట దానంతటదే తయారయ్యే కిరాయిదారు పేరు 'డీఫాల్ట్'. అప్పులిచ్చే ఇంటికి గృహప్రవేశం చేస్తే మొదట అడుగుపెట్టింది ఎగవేతదారు!

అసలు ముచ్చట ఆ తర్వాతే. అప్పు పథకం నమోదు చేసే తెర మీద ఒక గడి ఉంది. వడ్డీ 'ఫ్లాట్'గానా, తగ్గే బాకీ మీదనా? సంఘం కార్యదర్శి క్షణం ఆలోచించలేదు. "ఫ్లాట్ కొట్టు, లెక్క తేలిక." ఎంత తేలికో చూడండి. పదివేలు, ఏడాది, నూటికి రూపాయి వడ్డీ. తగ్గే బాకీ మీదైతే మొత్తం వడ్డీ 662 రూపాయలు. ఫ్లాట్ అయితే 1,200. నెలనెలా అసలు తీరుతున్నా, తీరిన అసలుకూ వడ్డీ కట్టాలన్నమాట. నోటితో చెప్పేది రూపాయి వడ్డీ, చేతికి తగిలేది రూపాయి ఎనభై పైసలకు దగ్గర. సాఫ్ట్‌వేర్ ఏ తప్పూ చూపలేదు. ఎర్ర అక్షరం ఒక్కటీ రాలేదు. మూడు రోజులు జావా కోసం జాగారం చేసినవాళ్లు ఈ గడి దగ్గర మూడు సెకన్లు ఆగలేదు.

2010లో ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మరుణాల సంక్షోభం వచ్చినప్పుడూ కంప్యూటర్లేమీ పాడవలేదు. ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్లకు ఆ ఏడాదే జనం ఎగబడ్డారు. ఆ ఏడాదే వేధింపుల, ఆత్మహత్యల వార్తల మధ్య అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, వడ్డీ అసలును మించరాదంది. సర్వర్లన్నీ లేచే ఉన్నాయి, పడిపోయింది మనుషులు. తర్వాత 2022లో రిజర్వు బ్యాంకు వడ్డీ రేటు సంస్థలే నిర్ణయించుకోవచ్చంది. 2023లో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు అదుపులోని సంస్థలకు ఆ ఆర్డినెన్స్ స్థానంలో వచ్చిన రాష్ట్ర చట్టం వర్తించదంది. అంటే గడి ఖాళీగా ఉంది, ఎవరి అంకె వాళ్లు వేసుకోవచ్చు. కోడ్ బహిరంగం, అంకె మాత్రం కార్యదర్శి కడుపులో.

"అది పాలసీ మ్యాటర్, సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం కాదు" అన్నాడు కార్యదర్శి నేను నసిగితే. కొబ్బరికాయ కొట్టారు. మిఠాయి పంచారు. కాకా మాత్రం తెర మీది వాయిదాల పట్టికను పై నుంచి కింది దాకా వేలుపెట్టి చదివాడు. సర్దారుగా ఉన్నన్నాళ్లూ షిఫ్టు మొదలయ్యే ముందు బాయి పైకప్పును కడ్డీతో కొట్టి, మోత విన్నాకే మనుషుల్ని లోపలికి పంపిన చెయ్యి అది. బల్ల మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాడు.

"బోలుగ మోగుతంది బిడ్డా. ఇసొంటి కప్పు కింద మేం ఒక్క మనిషిని గూడ నిలబెట్టకపోతుంటిమి."