అరచేతి చెట్లు: ఇంగ్లీషు మాట నేర్వడానికి అందరూ కాదనే ఆరు సలహాలు

మా పెదవేగిలో సాయంత్రం పూట నా దగ్గరికి చదువుకోవడానికి నలుగురైదుగురు పిల్లలు వస్తారు. ఆమధ్య వాళ్లలో ఒక ఆరో తరగతి పిల్లాడు పరీక్ష పేపరు పట్టుకొచ్చాడు. ‘పామ్ ట్రీస్’ అన్నదానికి వాడు ‘అరచేతి చెట్లు’ అని రాశాడు. ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత, పక్కన సున్నా. తోటి పిల్లలు నవ్వితే వాడు తల ఎత్తలేదు. నాకు మాత్రం నవ్వు రాలేదు, వాడు రాసింది తప్పని అనిపించనూ లేదు. అప్పటినుంచి పిల్లలకీ తల్లిదండ్రులకీ ఈ సలహాలు చెబుతున్నాను. తలకిందుల సలహాలని చాలామంది అంటారు. అయినా నా మాట మీదే ఉన్నాను.

1. రోజుకు పది మాటలు నేర్వకండి, ఏడాదికి పది చాలు

నోటుపుస్తకంలో నిలువుగా గీత కొట్టి, ఇటు ఇంగ్లీషు, అటు తెలుగు రాసి, పొద్దున అప్పజెప్పి సాయంత్రానికి మరిచిపోయే చదువు ఇకనైనా మానండి. నెలకో మాట పట్టుకోండి, రెండు నెలలు సెలవు తీసుకోండి. పామ్‌నే చూడండి. అరచేయి అదే, చెట్ల కుటుంబం పేరూ అదే. కంటబడకుండా అరచేతిలో దాచేయడం కూడా పామే. గెలుపన్న అర్థం కూడా ఉంది. రోమన్లు గెలిచినవాడి చేతికి ఈ చెట్టు మట్ట ఇచ్చేవారు. ఫ్రాన్సులో కాన్ సినిమా పండగలో 1955లో మొదలైన పెద్ద బహుమతి పేరుకి అర్థం ‘బంగారు మట్ట’. మనవాళ్లు గెలిచిన కవి కాలికి గండపెండేరం తొడిగారు. ఇంత కథ ఉన్న మాటని ఒక పూటలో పదింట ఒకటిగా ఎలా మింగిస్తారు?

2. డిక్షనరీ తెరవకండి, తోటలోకి నడవండి

ఈ మాట నేర్వడానికి పెదవేగిని మించిన బడి లేదు. ఆయిల్ పామ్ మీద పరిశోధన చేసే జాతీయ సంస్థని 1995లో ఇక్కడే పెట్టారు. ఊరి చుట్టూ ఆ తోటలే. ఒక చెట్టు కింద నిలబడి మట్టని చూడండి. నడుమ ఈనె, దానికి రెండు పక్కలా సన్నటి ఆకులు. పక్షి ఈక గుర్తొస్తుంది గానీ చెయ్యి గుర్తురాదు. ఇప్పుడు పొలం గట్టు మీది తాడి దగ్గరికి రండి. కాడ చివర ఒక్కచోటనుంచే విచ్చుకున్న తాటాకు, వేళ్లు బార చాపిన అరచెయ్యే. లాటిన్‌లో ‘పాల్మా’ అంటే అరచేయి. ఆ పోలికతోనే చెట్టుకీ ఆ పేరు వచ్చింది. సంస్కృతంలో ‘తాల’ మాటకీ రెండు అర్థాలు. తాడిచెట్టూ తాలమే, అరచేతులు చరిచి వేసే దరువూ తాలమే. డిక్షనరీ రెండు అంకెల కింద విడదీసిన అర్థాల్ని మా పిల్లాడు తెలియకుండానే కలిపాడు.

3. పర్యాయపదాలు బట్టీ పట్టకండి

పామ్‌కి తెలుగు మాట ఏదని నన్ను అడిగితే, ఏ చెట్టు అని ఎదురు అడుగుతాను. తాడి, ఈత, కొబ్బరి, పోక, జీలుగు, ఖర్జూరం, అన్నీ ఆ కుటుంబమే. ఒక్కో చెట్టుతో మనకి ఒక్కో పని, అందుకే ఒక్కో పేరు. తాడి ఒక్కటే ఎన్ని ఇచ్చింది! ముంజలు, తేగలు, బుర్రగుంజు, బెల్లం, కల్లు, ఇంటికప్పుకి ఆకు. మొద్దు తొలిస్తే కొల్లేటి మీద తిరగడానికి దోనె. తాడేపల్లిగూడెం పేరు పలికినా తాడి మాట చెవిన పడుతుంది.

అరచేతి సంగతీ అంతే. చారెడు బియ్యం, పుడిసెడు నీళ్లు, దోసెడు మల్లెలు అంటాం. అన్నీ చేతి కొలతలే, అయినా పుడిసెడు బియ్యం కడగమని ఏ అమ్మా అనదు. పర్యాయపదాలని పుస్తకం ఒక వరసలో నిలబెట్టిన మాటల్లో ఏ రెండూ ఒకటి కావు. ఆ వరసని చెరిపేయండి.

4. మాటని వదిలి పక్కమాటని చదవండి

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ఇంగ్లీషు మాటకీ అదే గతి. ఎవరి పక్కన నిలబడిందో చూసి అర్థం చెప్పాలి. పామ్ పక్కన ‘ఆఫ్’ చేరితే పనికిరాని సరుకు అంటగట్టడం. ముందు ‘గ్రీజ్’ చేరితే లంచం ఇవ్వడం. వాళ్లు ఆ చేతికి జిడ్డు రాస్తారు, మనం చెయ్యి తడుపుతాం. ‘సండే’ చేరితే మట్టల ఆదివారం. ఏలూరు చర్చిల్లో ఏటా వినే ఈ మాట దగ్గర కాస్త ఆగండి. యెరూషలేములో జనం పట్టుకున్నది ఖర్జూరపు మట్ట. తెలుగువాళ్లు చెట్టు పేరు వదిలేసి, చేతిలో ఉన్నదాని పేరు పెట్టుకున్నారు. ఇంతకన్నా మంచి అనువాదం నేను చూడలేదు.

5. రైతు మాట దిద్దకండి

‘పామాయిలంటే నూనె, చెట్టుని ఆయిల్ పామ్ అనాలి నాన్నా’ అని చదువుకున్న పిల్లలు తండ్రుల్ని దిద్దుతుంటారు. ఆ పని చేయకండి. మన ఊళ్లకి రేషన్ షాపు నూనె ముందొచ్చింది, చెట్టు తర్వాత వచ్చింది. నూనె పేరే చెట్టుకీ తోటకీ గెలకీ నిలిచింది. మాటలు పుట్టే దారి అదే. దిద్దే బదులు ఆ రైతునే అడగండి. పండి నాలుగు కాయలు చెట్టు మొదట్లో రాలితే గెల కోతకొచ్చిందని చెబుతాడు. కోసిన 24 గంటల్లో గెల ఫ్యాక్టరీకి చేరాలనీ, ఆలస్యమైతే నూనెలో ఆమ్లం పెరుగుతుందనీ చెబుతాడు. కాయ కండలో ఒక నూనె, లోపలి పప్పులో ఇంకో నూనె ఉంటాయనీ చెబుతాడు. ఇంగ్లీషులో ఆ రెండు నూనెలకీ రెండు పేర్లున్నాయి. ముందు ఆయన దగ్గర కాయ కోసి చూస్తే, ఆ పేర్లు ఇక మరిచిపోరు.

6. మార్కులు పోతే పోనివ్వండి

సరైన జవాబు రాసిన పిల్లాడికి ఒక అర్థమే తెలిసి ఉండొచ్చు. తప్పు రాసినవాడు రెండు అర్థాల మధ్య దారి వెతికాడు. నా చేతిలో ఉంటే ‘అరచేతి చెట్లు’కి నిండు మార్కులు వేసి, ఆ తర్వాతే తాడి, ఈత, కొబ్బరి అని విడదీసి చెప్పేవాణ్ని.

మర్నాడు వాణ్ని గట్టు మీదికి తీసుకెళ్లాను. కింద పడి ఉన్న తాటాకు మీద చెయ్యి ఆనించి, వేళ్లు విప్పి, ఆకు మడతల వెంట పెట్టుకుని చూశాడు. ‘నేను రాసింది కరెక్టే కదా సార్’ అన్నాడు. కరెక్టే అన్నాను.

మీ ఇంట్లో పిల్లలు రేపు ఇలాంటి సున్నా తెస్తే తిట్టకండి. ఏం చూసి అలా రాశారో ముందు అడగండి.