ఈకల మోజు

ఎవరి దగ్గరా నోరు విప్పని సంగతి ఒకటి మీ దగ్గర విప్పుతున్నాను. నేను విల్లు పట్టింది వేట మీద ప్రేమతో కాదు, విల్లు పట్టుకుని నిలబడితే బాగుంటానని. తర్వాత్తర్వాత ప్రేమ నిజంగానే పుట్టింది గానీ మొదట్లో నన్ను నడిపించింది అచ్చమైన షోకు. కొత్త వస్తువు చేతికొస్తే నలుగురికీ చూపించాలనిపించని మనిషిని నేనింతవరకూ చూడలేదు. మీరూ అంతేనని నా నమ్మకం. అందుకే ధైర్యంగా చెబుతున్నాను.

మేముండేది అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్‌కి పడమరగా హిల్స్‌బరోలో. చిప్పుల ఫ్యాక్టరీల పుణ్యమా అని తెలుగువాళ్లం బాగానే చేరాం. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ కాంపౌండ్ విల్లుతో మూడు బంగారు పతకాలు కొట్టినప్పుడు టీవీ ముందు లేచి నిలబడి ఇల్లదిరేలా చప్పట్లు కొట్టాను. ఆ రోజే పురుగు తొలవడం మొదలుపెట్టింది. కాంపౌండ్ విల్లంటే మన పటాల్లో రాముడి భుజాన ఉండే విల్లు కాదు. రెండు కొసలకీ చక్రాలుంటాయి. మిస్సోరీ మనిషి హోలెస్ విల్బర్ అలెన్ దాన్ని తయారుచేశాడు, 1969లో పేటెంటు వచ్చింది. అల్లెతాడు లాగుతుంటే మధ్యలో భుజాలు పీకేస్తాయి గానీ, పూర్తిగా లాగాక ఆ చక్రాలు బరువులో చాలా భాగం తామే మోస్తాయి. గురి కుదిరేదాకా నింపాదిగా నిలబడవచ్చు.

విల్లు ఇంటికి తెచ్చిన రోజు మా ఆవిడ రసీదు చూసింది. కోప్పడలేదు. "ఏవండీ, దీంతో ఏం చేస్తారు?" అని మాత్రం అడిగింది.

"వేటాడతాను" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా ఆ ఆలోచన నాకు లేదు. అన్న మాట వెనక్కి తీసుకోవడం చేతకాక వేటగాణ్ణయ్యాను.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. అక్కడ పెరిగినవాడికి వేట అనగానే మనసు జంకుతుంది, నాకూ జంకింది. ఒరెగాన్‌లో పద్ధతి వేరు. ఏ కొండల్లో, ఏ నెలలో, దేన్ని వేటాడవచ్చో వన్యప్రాణుల శాఖ ఏటా ప్రకటిస్తుంది. లైసెన్సు ఉండాలి, జంతువుకి ట్యాగ్ ఉండాలి. ఎల్క్ వేటకి విల్లు బిగువు కనీసం 50 పౌండ్లు ఉండాలి. చంపిన జంతువు మాంసం వృథా చేస్తే శిక్ష. ఇవన్నీ శ్రద్ధగా చదివాను, అక్షరం తప్పకుండా పాటించాను. ఏ చట్టంలోనూ రాసిలేని ఒక చిన్న మర్యాద దగ్గర తప్పటడుగు వేశాను.

ఆ తప్పటడుగు కొట్లోనే పడింది. బాణం తోకకి అతికించే రెక్కలు రెండు రకాలు. ఒకటి ప్లాస్టిక్, రెండోది టర్కీ కోడి ఈక. ఈక తేలిక, బాణాన్ని తొందరగా దారిలో పెడుతుంది. కానీ తడిసిందంటే కాడకి అంటుకుపోతుంది, ఇక బాణానికి చుక్కాని లేనట్టే. ప్లాస్టిక్ ఎంత వానకైనా చెక్కుచెదరదు. కొట్లో మనిషి ఇదంతా ఓపిగ్గా చెప్పి, "నువ్వు వెళ్లేది కోస్ట్ రేంజ్ కొండలకయితే ప్లాస్టిక్ తీసుకో" అన్నాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ నా కళ్లు ఎర్రరంగు, పసుపురంగు అద్దిన ఈకల మీదే ఉన్నాయి. అమ్ములపొదిలోంచి అవి పైకి కనిపిస్తుంటే ఎంత బాగుంటుందో ఊహించుకుంటున్నాను. ఈకలే కొన్నాను.

మా పక్కింటి పెద్దాయన చిన్నప్పటి నుంచీ ఆ కొండల్లో వేటాడినవాడు. నా బాణాలు చూసి ఏమీ అనలేదు. లోపలికెళ్లి రెండు వస్తువులు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఒకటి పాత ఉన్ని చొక్కా చింపి కుట్టిన తొడుగు, విల్లు చక్రాలకీ తాడుకీ కలిపి వేసుకునేది. రెండోది ఈకల మీద కప్పుకోవడానికి రొట్టెల ప్యాకెట్టు ప్లాస్టిక్ సంచీ. "అక్కడ వాన పైనుంచి పడదు, అన్ని వైపుల నుంచీ వస్తుంది" అన్నాడు. టీవీ రిమోటుకి ప్లాస్టిక్ కవరు తొడిగి, ఏళ్ల తరబడి ఆ కవరు మీదే నొక్కే ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. అలాంటివాణ్ణి అంత ఖరీదు పోసి కొన్న విల్లుకి తొడుగు వద్దనుకున్నాను. ఎందుకంటే అడవిలో ఫొటో దిగాలి. చిరిగిన చొక్కా, రొట్టెల సంచీ కప్పుకున్న విల్లుతో ఫొటో ఎవరు దిగుతారు? ఆయన ఇచ్చినవి భద్రంగా కారు డిక్కీలో పెట్టి అక్కడే వదిలేశాను.

ఇక అడవి గురించి చెప్పాలి. హిల్స్‌బరో నుంచి ఆరో నంబరు హైవే మీద సముద్రం వైపు వెళితే టిల్లమూక్ అడవి. 1933, 1939, 1945, 1951, ఇలా ఆరేళ్లకోసారి తగలబడిన అడవి అది. బడిపిల్లల దగ్గర నుంచి ఖైదీల దాకా అందరూ కలిసి మొక్కలు నాటి మళ్లీ నిలబెట్టారు. పసిఫిక్ మీంచి వచ్చే మేఘాలు ఈ కొండలకి తగిలి ఇక్కడే దిగిపోతాయి. కొన్ని చోట్ల ఏడాదికి 100 అంగుళాలు దాటుతుంది, అంటే హైదరాబాదులో పడే వానకి మూడింతలు. నడుం ఎత్తు ఫెర్న్ మొక్కలు, ముళ్ల సాల్మన్‌బెర్రీ పొదలు, వాటిని పెనవేసుకుని వైన్ మేపుల్. ఈ మేపుల్ కొమ్మ వంగి నేలకి తగిలిన చోట వేరు తన్నుకుని మళ్లీ పైకి లేస్తుంది. వాన ఆగినా పొద ఆగదు, ముట్టుకున్నప్పుడల్లా కురుస్తుంది.

ఆ చిత్తడిలోనే రూజ్‌వెల్ట్ ఎల్క్ తిరుగుతుంది. మన నల్లమల కణుజుకి దూరపు చుట్టం, కానీ ఇంకా భారీ మనిషి. మగది 300 కిలోలు దాటుతుంది, బాగా పెరిగినవి 500 కిలోల దగ్గరికి వస్తాయి. సెప్టెంబరులో జతకట్టే కాలం. అప్పుడు మగ ఎల్క్ వేసే కేక లోయంతా మోగుతుంది. మొదటిసారి విన్నప్పుడు నా ఒళ్లు జలదరించింది. షోకు కోసం వచ్చినవాణ్ణి ఆ కేక వేటలోకి లాగేసింది.

సెప్టెంబరు చివర ఒక ఉదయం. వాన లేదు, మంచు తెర. కేక వినిపించిన వైపు పొదల్లోంచి పాక్కుంటూ వెళ్లాను. విల్లు చక్రం మేపుల్ కొమ్మకి చిక్కుకుంటే విడిపించాను, అందులో ఇరుక్కున్న పుల్లముక్క చూసుకోలేదు. ముల్లు తాడుని గీసింది, పట్టించుకోలేదు. బాణం ఆనించే చోట అతికించిన మెత్తని గుడ్డ నీళ్లు తాగి ఉబ్బింది. నా సోకైన ఈకలు అప్పటికే తడిసి కాడలకి అంటుకుపోయాయి. కొత్త వానకోటు పొదకి రాసుకున్నప్పుడల్లా బరబరా శబ్దం చేస్తోంది.

సరిగ్గా అప్పుడు వచ్చింది. ముందు కొమ్ములు, తర్వాత మెడ, తర్వాత భుజం. ముప్ఫై అడుగుల్లోపు కాదు, ముప్ఫై గజాలకి అటూఇటూ. దూరం కొలిచే యంత్రం తీశాను, అద్దం మీద ఆవిరి. అందాజుగా అనుకున్నాను. తాడు లాగాను. తాడులో గురి చూసే చిన్న రంధ్రం ఉంటుంది, దానికి కన్ను ఆనిస్తే ఏమీ కనిపించలేదు, అందులో నీటిచుక్క నిండిపోయింది. ఊదితే పోతుంది, కానీ ఊదితే శబ్దం. భుజం వణుకుతోంది, ఎల్క్ అడుగు కదిపింది, ఇంకో అడుగు వేస్తే పొద చాటుకి పోతుంది, ఇంటికెళ్లి ఏం చెప్పాలి, ఎవరికి చూపించాలి, ఇన్ని నెలల సాధన, అంత డబ్బు. నీటిచుక్కలో ఊగుతున్న గోధుమరంగు నీడని చూసి వదిలేశాను.

కోటు చెయ్యి తాడుకి తగిలిన చప్పుడు. బాణం పామల్లే మెలికలు తిరగడం నా కళ్లతో చూశాను. ఎక్కడో కొమ్మ ఫట్‌మంది. ఎల్క్ ఒక్క ఉదుటున లేచింది. పొద విరిగిన శబ్దం, గిట్టల శబ్దం, ఆ తర్వాత ఏమీ లేదు.

అంతవరకూ నాకు తెలిసినవి నా మోజు, నా సరదా, నా ఫొటో. ఆ నిశ్శబ్దంలో మొదటిసారి జంతువు గుర్తొచ్చింది. తగిలిందా? తగిలితే ఎక్కడ? తుపాకీ గుండుకి దెబ్బ వేరు, బాణం పని వేరు. పదునైన మొన సరైన చోట దిగితే రక్తం పోయి జంతువు త్వరగా పడిపోతుంది. నేల మీది రక్తపు మరకలే వేటగాడికి దారి. కడుపులోనో తొడలోనో దిగితే అది మైళ్లకొద్దీ పోతుంది. తడి అడవిలో ఆ మరకలు నిలవవు, ఆకు మీది చుక్కని వాన కడిగేస్తుంది. అనుభవమున్న వాళ్లు జోరువానలో అసలు బాణమే వదలరు. గురి కనిపించకుండా, తడిసిన ఈకతో, కొలవని దూరానికి నేను వదిలాను.

మధ్యాహ్నం దాకా ఆ పొదల్లో మోకాళ్ల మీద వెతికాను. ప్రతి ఆకూ తిప్పాను. చివరికి కుళ్లిన దుంగలో దిగబడి బాణం దొరికింది. మొన మీద మట్టి, చెక్క పొట్టు తప్ప రక్తపు తడి లేదు, ఒక్క వెంట్రుక లేదు. అక్కడే కూర్చుండిపోయాను. గురి తప్పినందుకు మనిషి అంత సంతోషపడగలడని నాకు తెలియదు.

ఎక్కడెక్కడ తప్పిందో తర్వాత పెద్దాయన కూర్చోబెట్టి విడమరిచాడు. వెడల్పు మొనకున్న బ్లేళ్లకి ముందు నుంచే గాలి తగులుతుంది. వెనక ఈక గట్టిగా నిలబడకపోతే మొనే బాణాన్ని తన ఇష్టం వచ్చినట్టు తిప్పేస్తుంది. అదీకాక బాణం చూపు వెంట సూటిగా పోదు, కాస్త పైకి లేచి దిగుతుంది. అందుకే కంటికి అడ్డం రాని కొమ్మ బాణానికి అడ్డం వస్తుంది. ఇదంతా చెప్పి ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

ఆ చలికాలమంతా చదువుతూ కూర్చున్నాను. కాలిఫోర్నియాలో యాహి తెగవాళ్లలో చివరగా మిగిలిన ఇషి 1911లో ఓరోవిల్ ఊరికి వచ్చాడు. అతనికి వైద్యం చేసిన డాక్టరు సాక్స్‌టన్ పోప్ అతని దగ్గరే విలువిద్య నేర్చుకుని, 1923లో వేట మీద పుస్తకం రాశాడు. ఈ దేశంలో విల్లు వేట మళ్లీ ఊపందుకోవడానికి ఆ స్నేహం ఒక కారణం. ఇషి అమ్ములపొది నీటికుక్క తోలుది. నీటిలో బతికే జంతువు తోలు కన్నా తడిని ఆపగలిగేది అతని అడవిలో ఏముంటుంది? అతనికి వేట అంటే తిండి. బాణం తడిస్తే పస్తు. నాకు పస్తు భయం లేదు కాబట్టి తడి భయమూ లేకపోయింది. ఆ లోటు నేను జాగ్రత్తతో పూడ్చుకోవాలి, వేరే దారి లేదు.

ఇప్పుడు బాణాలకి ప్లాస్టిక్ రెక్కలున్నాయి, వాటి మీద కూడా రొట్టెల సంచీ కప్పుకుంటాను. ఉన్ని తొడుగు విల్లు మీంచి దిగేది కేక దగ్గరగా వినిపించినప్పుడే. పొద దాటిన ప్రతిసారీ చక్రాల్లో పుల్లలున్నాయేమో వేలితో తడిమి చూస్తాను, తాడుని పెళ్లున తట్టి రంధ్రంలో నీటిచుక్క రాల్చేస్తాను. శబ్దం చేసే కోటు తీసేసి ఉన్ని చొక్కా వేసుకుంటాను, విల్లు పట్టిన చేతి మీద బట్ట వదులుగా లేకుండా పట్టీ బిగిస్తాను. మొనలకి వాజలిన్ రాస్తే తుప్పు పట్టదు. ఇంటికొచ్చాక తడి విల్లుని పెట్టెలో మూసిపెట్టను, హీటరు దగ్గరా పెట్టను. తుడిచి గదిలో వేలాడదీసి, ఆరాక తాడుకి మైనం పూస్తాను. ఇదంతా చూసి మా ఆవిడ, "మనుషుల్ని కూడా ఇంత జాగ్రత్తగా చూసుకోరండీ మీరు" అంటుంది. జాగ్రత్త విల్లు కోసం కాదని ఆవిడకీ తెలుసు.

తెలుగు పిల్లలు కొందరు ఇప్పుడు ఇక్కడ విల్లు పడుతున్నారు. వాళ్లకి నా మాట ఇది. మంచి విల్లు కొనుక్కోండి, మురిసిపోండి, ఫొటోలు దిగండి, తప్పు లేదు. తడి అడవిలోకి వెళ్లేముందు మాత్రం తొడుగు వేయండి. గురి మసకగా ఉన్నా, ఈక తడిసినా, దూరం తెలియకపోయినా, ఎదురుగా ఎంత గొప్ప జంతువు నిలబడినా, లాగిన తాడు మెల్లగా దించేసి బాణం పొదిలో పెట్టేయండి.