పాయింటు మూడా, పాయింటు నాలుగా?

నారాయణఖేడ్ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్ల పైమాటే. ఆస్పత్రి పనో, దగ్గరివాళ్ల పెళ్లో పడితే అక్కడ ఒక రాత్రి ఉండక తప్పదు. అదిగో, అప్పుడు బయటపడతాడు పోలికల పటేల్. ఖేడ్‌లో వాడకొకరు ఉంటారు ఇలాంటివారు. లక్డీకాపూల్ దగ్గర ఒక హోటల్‌కు 4.3 రేటింగ్, దాని వెనక సందులోదానికి 4.4. ఇక ఆయనకు నిద్ర లేదు. బస్సు సంగారెడ్డి దాటుతుంది, పటాన్‌చెరు దాటుతుంది, ఫోన్ మీద వేలు మాత్రం ఆగదు. “బావా, నువ్వే జెప్పు, ఏది తీస్కుందాం?” అంటాడు. బావ ఏదంటే దాన్ని వదిలి, రెండోదాని గుణగణాలు ఎత్తుకుంటాడు. సరదాకి ఫలక్‌నుమా ప్యాలెస్‌నూ చూసిపెట్టుకున్నాడు. అక్కడ 101 మంది కూర్చునే భోజనబల్ల ఉందంటే, మా పెళ్లివారికి సరిపోదన్నాడట.

ఈయనను జనం అనుమానపు మనిషి అంటారు. నాకలా అనిపించదు. రెండింటిలో ఒకటి నాసిరకమైతే నిమిషంలో తేల్చేస్తాడు, ధైర్యంగా తిడతాడు కూడా. రెండూ బాగుండటమే ఆయన ప్రాణం మీదికి వస్తుంది. ఏది పట్టుకున్నా వదిలేసినదాని మీద ఇంట్లో మాట పడాలి. కాబట్టి ఆయన వెతుకులాట గది కోసం కాదు, రేపు తప్పు తన నెత్తిన పడకుండా చూసే సాక్షి కోసం. ఆ సాక్షికి 4.4 అని పేరు పెట్టుకున్నాడు.

కష్టార్జితం కదా, జాగ్రత్త పడితే తప్పేమిటంటారా? జాగ్రత్తపరుడైతే ఒక్క ఫోన్ కొట్టి వేడినీళ్లు ఎన్ని గంటలకు వస్తాయి, గది ఖాళీ చేయాల్సింది మధ్యాహ్నం పన్నెండుకా, ఇరవైనాలుగు గంటల లెక్కా, ముసలమ్మకు లిఫ్టుందా అని అడుగుతాడు. పటేల్ ఇవేవీ అడగడు. ఇన్ని వేలమంది అబద్ధమాడతారా అనే వాదన ఇంకోటి. ఆడకపోవచ్చు, కానీ వాళ్లు ఒకే విషయం చెప్పడం లేదు. ఒకరు ఇడ్లీకి చుక్కలిచ్చారు, ఒకరు రైలు తప్పిన కోపం చూపించారు. సర్కారు ఇచ్చే నక్షత్రాలు వేరు. వాటికి కమిటీ వచ్చి సౌకర్యాలు చూసి వర్గీకరిస్తుంది. ఆన్‌లైన్ అభిప్రాయాల్లో దొంగవి పెరిగాయనే 2022 నవంబరులో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది, అదీ ఇష్టమైతేనే పాటించవచ్చు. అంత గజిబిజిలోంచి తీసిన సగటులో పాయింటులో పదో వంతు తేడాకు బరువెంత? ఏడున్నర వేల లోపు గది మీద జీఎస్టీ 2025 సెప్టెంబరులో పన్నెండు నుంచి ఐదు శాతానికి దిగింది. ఆ తేడా బిల్లులో కనబడుతుంది. పటేల్‌కు దాని ఊసే లేదు.

చివరికి ఏదో ఒక గదిలో దిగుతాడు. మనవళ్లు పెట్టె సర్దుతుండగా కిందికి దిగి, రాత్రి భోజనానికి ఆ రెండో హోటల్‌కు బయల్దేరతాడు. పప్పు తిన్నాక కౌంటర్ దగ్గర ఆగి, “గదులు ఎట్లుంటయి తమ్మీ, ఓసారి జూపియ్యరాదు” అంటాడు.