తిట్టుకో పాయింటు

హైదరాబాద్‌లో పిస్టల్ షూటింగ్ కోచ్‌ని ఎంచుకునే పద్ధతి ఒకటి స్థిరపడింది. ఆయన ఏ స్థాయిలో ఆడాడు, ఎవరికి నేర్పాడు అన్నవి తర్వాతి సంగతులు. “సారు బాగా తిడతాడా?” అన్నదే మొదటి ప్రశ్న. తిడతాడని తెలిస్తే తండ్రి ముఖం విప్పారుతుంది, చెయ్యి పర్సు మీదికి పోతుంది. ఇంటర్ కాలేజీని ఎంచుకున్నదీ ఇలాగే కదా! వార్డెన్ ఎంత కఠినుడైతే ర్యాంకు అంత దగ్గర. ఆ కొలబద్దే ఇప్పుడు పది మీటర్ల రేంజికి వచ్చింది. దండం దశగుణం భవేత్ అన్నారు పెద్దలు. టార్గెట్ మీద కూడా పదేనాయె.

ఆధారం ఏమిటని అడిగితే అందరూ చెప్పే పేరు ఒకటే: జస్పాల్ రాణా. మనూ భాకర్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెండు కాంస్యాలు గెలిచింది, ఆమె కోచ్ రాణా మొహమాటం లేని మనిషి, కాబట్టి మొహమాటం లేకపోతే కాంస్యం ఖాయం. తర్కానికేం, నిక్షేపంలా ఉంది. ఆ మనిషి 1994 హిరోషిమా ఏషియాడ్‌లో స్వర్ణం కొట్టాడనీ, 2006 దోహాలో ఒళ్లు కాలిపోతుండగా మూడు స్వర్ణాలు తెచ్చాడనీ, సెంటర్ ఫైర్ పిస్టల్‌లో 590 కొట్టి ప్రపంచ రికార్డును సమం చేశాడనీ మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. ఆ నోటి వెనక ఒక చెయ్యి ఉంది. మనవాళ్లు నోటిని మాత్రం తెచ్చుకున్నారు.

అనుకున్న స్కోరు రాకపోతే, తగ్గిన పాయింట్లకు లెక్కగట్టి ఆ సొమ్మును అవసరంలో ఉన్నవాళ్లకు ఇప్పించేవాడని రాణా గురించి పత్రికల్లో చదివాం. ఈ జరిమానా పద్ధతి మన అకాడమీలకు ఎంత నచ్చిందో! ఒక్క చిన్న సవరణతో అమలు చేశారు: అవసరంలో ఉన్నది అకాడమీయే.

ఇంకో ముచ్చట. పారిస్‌లో మనూ గెలుస్తున్నప్పుడు రాణా ప్రేక్షకుల గ్యాలరీలో కూర్చున్నాడు. అసలు పది మీటర్ల క్వాలిఫికేషన్‌లో 60 గుళ్లు, 75 నిమిషాలు. లైన్ మీద నిలబడ్డ షూటర్‌తో కోచ్ నోరు విప్పి మాట్లాడకూడదు. అంటే ఏళ్ల తరబడి అరుపులు విని ఎదిగిన పిల్ల, తీరా పోటీలో ఒక్క అరుపు కూడా లేకుండా కాల్చాలి. పాపం, ఎలా కాలుస్తుందో.

శిక్షణ ఎలా ఉంటుందో ఏ ఆదివారమైనా చూడొచ్చు. పిల్ల చెయ్యి చాచి నిలబడి ఉంటుంది. కోచ్‌గారు వెనక కుర్చీలో ఫోన్ చూస్తుంటారు. తెర మీద ఎనిమిది పడగానే తలెత్తుతారు: “ఫోకస్! బుర్ర ఎక్కడ పెట్టుకున్నావ్?” మళ్లీ ఎనిమిది. “కాన్సంట్రేషన్! ఇంట్లో తిండి పెట్టట్లేదా?” గాజు తలుపు అవతలి నుంచి తండ్రి తన వంతు కలుపుతాడు: “ఈషా సింగ్ పదమూడేళ్లకే జాతీయ ఛాంపియన్ అయింది, నీకు పద్నాలుగు నిండాయి.” ఇంత బోధనలో ఎక్కడ ఫోకస్ పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పరు.  

చూపు నిలవాల్సింది టార్గెట్ మీద కాదు. పిస్టల్ కొసనున్న ముందు సైట్ మీద. టార్గెట్ మసకగానే కనిపించాలి. ముందు సైట్ వెనక సైట్ గాడిలో ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, పది మీటర్ల అవతల గుండు సుమారు 30 మిల్లీమీటర్లు జరుగుతుంది. పది కాస్తా ఏడవుతుంది. పది వలయం వెడల్పు మొత్తం 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. దాని ముందు ఎంతటివాడి చెయ్యయినా ఊగుతుంది. ఆ ఊపును ఒప్పుకుని, వేలిని మెల్లగా, ఆపకుండా నొక్కుతూ పోవాలి. అలా కాక, సైట్ పది మీదికి వచ్చిన క్షణాన “ఇప్పుడే” అని గుంజితే, కుడిచేతి వాటం వాళ్ల గుండు సాధారణంగా ఎడమకీ కిందికీ పోతుంది. మరి పిల్ల ఎందుకు గుంజుతుంది? ఎనిమిది పడితే తిట్లు పడతాయని. తిట్ల భయంతో గుంజుతుంది, గుంజితే ఎనిమిది పడుతుంది, ఎనిమిది పడితే తిట్లు పడతాయి. దీనికి నెలవారీ ఫీజు కూడా ఉంది.

నిజంగా పని తెలిసిన కరుకు మనుషులు లేరని కాదు. సైన్యంలో చేసి వచ్చిన ఒక ముసలాయన నగర శివార్లలో నేర్పుతాడు. తియ్యగా మాట్లాడటం ఆయనకు చేతకాదు. “ఆ ఎనిమిది పిస్టల్ కొట్టలేదు, నువ్వు కొట్టావ్” అంటాడు. వినడానికి చేదే. కానీ మరుక్షణం “పిస్టల్ ఇటియ్యి, నేను లోడ్ చేసిస్తా” అని వీపు తిప్పుతాడు. ఒకసారి గుండు పెడతాడు, ఒకసారి పెట్టినట్టు నటిస్తాడు. ఏది ఏదో పిల్లకు తెలియదు. ఒకరోజు, ఆయన దగ్గర కొత్తగా చేరిన పిల్ల చెయ్యి చాచింది, సైట్ చూసింది, నొక్కింది. లోపల గుండు లేదు. అయినా గొట్టం కొస బుసుక్కున కిందికి వంగింది.

“గుండే లేదు కదా, ఎందుకు వంగింది?” అన్నాడాయన.

పిల్ల తన వేలి వంక చూసుకుంది. తర్వాత గంటసేపు తెల్లగోడకు ఎదురుగా నిలబెట్టి, గుండు లేకుండా నొక్కించాడు. స్కోరు లేదు, అరుపు లేదు. సాయంత్రానికి కొస కదలడం తగ్గింది. ఆయన “రేపు ఇదే” అని లేచిపోయాడు.

తండ్రి కారు దాకా నోరు మెదపలేదు. కారెక్కాక తల్లితో అన్నాడు: “ఫీజు తీసుకుని గోడ చూపించాడే! ఒక్క మాట గట్టిగా అన్నాడా?” ఆ వారంలోనే పిల్లను వేరే అకాడమీకి మార్చేశారు. అక్కడి సారు గొంతు పార్కింగ్ దాకా వినిపిస్తుందట. అడ్మిషన్లకు వెయిటింగ్ లిస్ట్ కూడా ఉందట.