తీర్థానికి టైంటేబులా?

వేసవి సెలవుల్లో మనవల్ని తీసుకుని ఫ్లోరిడా వెళ్తున్నాం. ఆర్లండో దగ్గర డిస్నీ వరల్డ్‌కి. అమెరికాలో ఉన్న మా అబ్బాయీ కోడలూ సంక్రాంతి నుంచీ ఇదే పని మీద ఉన్నారు. మా కోడలు కంప్యూటర్లో ఓ ఎక్సెల్ షీటు తెరిచింది. అడ్డంగా రోజులు, నిలువుగా గంటలు. ఏ గడి చూసినా ఖాళీ లేదు. నా సంగతేమిటా అని వెతికితే మధ్యాహ్నం రెండింటి గడిలో కనిపించింది: "మామయ్యగారు - బెంచీ". ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేశాను, ఇల్లు కట్టాను. ఏనాడూ ఇన్ని గడులు నింపలేదు.

భోజనానికి అరవై రోజుల ముందే హోటల్లో టేబుల్ చెప్పి ఉంచుకోవాలట. మా మనవరాలికి ఐదేళ్ళు. నిన్న లొట్టలేసుకు తిన్న ఇడ్లీని ఇవాళ కళ్ళెత్తి చూడదు. దానికి రెండు నెలల తర్వాత మంగళవారం పన్నెండున్నరకి ఏం తినాలనిపిస్తుందో బ్రహ్మదేవుడైనా చెప్పగలడా? ఇక ఆటల సంగతి. పార్కు వాళ్ళ సొంత హోటల్లో దిగితే ఏడు రోజుల ముందు, బయట దిగితే మూడు రోజుల ముందు, పొద్దున్నే ఏడింటికల్లా ఫోను పట్టుకుని కూర్చుని 'లైట్నింగ్ లేన్' కొనాలి. అంటే ఎక్కువ డబ్బు కట్టి పెద్ద లైను తప్పించుకోవడం.

ఇది మొదటి నుంచీ ఇలా లేదు. 1971 అక్టోబర్ 1న ఆ పార్కు తెరిచినప్పుడు టికెట్ల పుస్తకాలు అమ్మేవారు. ఏ నుంచి ఇ వరకు చీటీలు. చిన్న ఆటకి ఏ, గొప్ప ఆటకి ఇ. చీటీ చింపి ఇవ్వడం, లైన్లో నిలబడి ఎక్కడం. 1982లో ఆ పుస్తకాలు పోయి గేటు దగ్గర ఒకటే టికెట్ అయింది. 1999లో ఫాస్ట్‌పాస్ అని లైను తప్పించే చీటీ పెట్టారు, అదీ ఉచితంగానే. 2021 నుంచి ఆ సదుపాయానికే రేటు కట్టారు. ఊరికే ఇచ్చి అలవాటు చేసి తర్వాత అమ్మడం అంటే ఇదే కదా అన్నాను. మా అబ్బాయి వెంటనే అందుకున్నాడు. "తిరుమల మూడొందల రూపాయల టికెట్ కోసం నెలల ముందు నన్ను ల్యాప్‌టాప్ దగ్గర కూర్చోబెట్టింది ఎవరు నాన్నా?" దేవుడి సంగతి వేరురా అన్నాను. ఎలా వేరో అడగలేదు, బతికిపోయాను.

మా రోజుల్లో తేదీ పెట్టేది పంచాంగం. మాఘమాసంలో భీష్మ ఏకాదశి వచ్చిందంటే అంతర్వేది తీర్థం. ఆ రోజు లక్ష్మీనరసింహస్వామి రథం కదులుతుంది. మాది నరసాపురం వైపు. పంటు మీద గోదారి దాటి సఖినేటిపల్లి రేవులో దిగేవాళ్ళం. అక్కడి నుంచి బండి దొరికితే బండి, లేకపోతే నడక. మా అమ్మ అరిటాకుల్లో కట్టిన పులిహోర మూట మా పెద్దన్నయ్య నెత్తిన ఉండేది. ఏ గంటకి ఎక్కడ ఉండాలో ఎవరికీ తెలియదు. మా నాన్న తలా ఓ పావలా చేతిలో పెట్టి, "తప్పిపోతే రథం దగ్గర నిలబడండి" అనేవారు. ప్లానింగ్ అంతా ఆ ఒక్క మాటే. ఆ పావలాతో జీళ్ళు కొనాలా, బూర కొనాలా, రంగులరాట్నం ఎక్కాలా అని తీర్థమంతా తిరిగేవాళ్ళం. సగం సరదా ఆ తేల్చుకోలేకపోవడంలోనే ఉండేది. ఇప్పుడు ఆ తేల్చడమేదో పిల్లలు నిద్రపోయాక పెద్దవాళ్ళే షీటులో తేల్చేస్తున్నారు.

ఇంకో విచిత్రం. ఏ రోజు జనం తక్కువ ఉంటారో లెక్కగట్టే క్యాలెండర్లున్నాయట. ఆ రోజు చూసుకుని వెళ్ళాలట. జనం లేకపోతే అది తీర్థం ఎలా అవుతుంది? మేం వెళ్ళిందే జనాన్ని చూడ్డానికి.

పిల్లల ఎత్తు కొలవడం మరో తంతు. స్పేస్ మౌంటెన్ అనే ఆట ఎక్కాలంటే 44 అంగుళాలుండాలి. మా మనవరాలు ఇంకా అందుకోలేదు. ఆదివారం ఆదివారం గుమ్మానికి ఆనించి పెన్సిల్ గీత గీస్తున్నారు, అది ప్రయాణం కాకముందే ఏడుస్తోంది. ఆ నిబంధనని మాత్రం నేను తప్పుపట్టను. మా రంగులరాట్నం వాడు పిల్లాడి ఎత్తు చూసేవాడు కాదు, చేతిలో డబ్బు చూసేవాడు. నడుముకి పట్టీ లేదు, పాడూ లేదు. మా పెదనాన్న కొడుకు గుర్రం మీద నుంచి పడి పన్ను విరగ్గొట్టుకుంటే, రాట్నం ఆపకుండానే "లేచి పక్కకి జరుగు" అన్నాడు.

రంగులరాట్నం అంటే గుర్తొచ్చింది. డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు మధ్యలో, కోట వెనకాల ఒకటుంది. అది ఆ పార్కు కంటే పాతది. 1917లో ఫిలడెల్ఫియా కంపెనీ ఒకటి చేసింది. మొదట డెట్రాయిట్‌లో, తర్వాత న్యూజెర్సీలో తిరిగింది. 1967లో డిస్నీ వాళ్ళు కొని బాగుచేయించారు. చెక్కిన గుర్రాలు. దానికి లైట్నింగ్ లేన్ లేదు, ఎత్తు కొలత లేదు. మా కోడలి షీటులో అదీ లేదు. ఎందుకమ్మా అంటే, "అలాంటిది ఎక్కడైనా ఉంటుంది మామయ్యగారూ, అంత డబ్బు పోసి వెళ్ళి అదెందుకు?" అంది. అందుకే నా బెంచీ గడి కొట్టేయించి అక్కడ రాట్నం రాయించాను. మనవరాలూ నేనూ ఎక్కుతాం. ఆ గంటసేపు మిగతావాళ్ళు ఫోన్లు చూసుకోవచ్చు.

నా ఈడువాళ్ళు ఎవరైనా వెళ్తుంటే ఒక్క మాట. షీటులో రోజుకో గడి ఖాళీగా వదిలేయమని పట్టుబట్టండి. టికెట్లకి డబ్బు పెట్టేది వాళ్ళే కదా అని మొహమాటపడకండి. ఇంకోటి, తిండి లోపలికి తీసుకెళ్ళనిస్తారు, గాజు సీసాలు కూడదంటారు. పులిహోర మాత్రం కట్టించుకోండి.