గోడ మీది ఫార్మసిస్టు గారు

మా వీధి చివర మెడికల్ షాపులో ఒక ఫార్మసిస్టు గారున్నారు. పొద్దున ఏడింటికి షట్టర్ లేచేసరికి ఉంటారు, రాత్రి పదకొండింటికి దించేదాకా ఉంటారు. పండగ లేదు, పబ్బం లేదు. టీకి వెళ్లరు, సెల్లు చూడరు, చిల్లర దగ్గర పేచీ పడరు. ఏడేళ్లుగా చూస్తున్నాను, ఒక్క వెంట్రుక నెరవలేదు. వెంకటేశ్వరస్వామి పటానికి ఎడమ పక్కన, జీఎస్టీ కాగితానికి కుడి పక్కన, నల్ల చెక్క ఫ్రేములో, పాస్‌పోర్టు సైజు ఫొటోగా కొలువై ఉన్నారు. షాపు కుర్రాడు స్వామికి వెలిగించిన అగరొత్తినే ఆయన ముందూ ఓ చుట్టు తిప్పుతాడు. భక్తో, అలవాటో, షాపు తెరిచి ఉన్నది ఎవరి దయవల్లో ఎరిగిన తెలివో నాకు తెలీదు.

ఆయన మీద పెట్టిన బరువు మాత్రం తక్కువది కాదు. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దాని కింద 1945లో వచ్చిన రూల్సు, 1948 నాటి ఫార్మసీ చట్టం, 2015లో ఫార్మసీ కౌన్సిల్ తెచ్చిన ప్రాక్టీసు రెగ్యులేషన్లు, అన్నీ కలిసి ఒక్క మనిషి నెత్తినే ఎక్కాయి. డాక్టరు చీటీ మీద ఇచ్చే ఏ మందైనా రిజిస్టర్డ్ ఫార్మసిస్టు స్వయంగా ఇవ్వాలి, లేదా ఆయన దగ్గరుండి చూస్తుండగా ఇవ్వాలి అంటుంది 65వ రూలు. చూస్తుండగా అన్నారు గానీ, ఊపిరి పీలుస్తూ చూడాలని ఎక్కడైనా అన్నారా? అదిగో, అక్కడ దొరికిపోయారు చట్టం రాసినవాళ్లు. ఫ్రేములోంచి ఆయన చూపు తిన్నగా కౌంటరు మీద పడుతుంది. రెప్ప వేయరు. రోజుకి పదహారు గంటలు రెప్పవేయని పర్యవేక్షణ ఏ దేశంలో ఉందో చూపించండి.

ఇంతకీ అసలు మనిషి ఎక్కడ? మా వైపు ఈ ఏర్పాటుకి ముచ్చటైన మాటొకటుంది: సర్టిఫికెట్టు పెట్టడం. "మావాడు ఫార్మసీ చదివాడండీ." "ఎక్కడ చేస్తున్నాడు?" "చెయ్యడం కాదండీ, ఓ షాపులో సర్టిఫికెట్టు పెట్టాడు." పొలం కౌలుకిచ్చినట్టు, వీధి వాటా అద్దెకిచ్చినట్టు, చదువుని అద్దెకివ్వడం. పొలానికి వాన పడాలి, ఇంటికి ఏడాదికోసారి సున్నం వేయించాలి. దీనికి ఆ బాధా లేదు, ఫ్రేము కూడా షాపువాళ్లే కట్టించుకుంటారు. ఫ్రేము గోదావరి ఒడ్డున ఉంటే మనిషి హైదరాబాదులో ఏదో కంపెనీలో కంప్యూటర్ ముందుంటాడు. అదృష్టం ఇంకాస్త బాగుంటే డాలస్‌లో ఉంటాడు. మేధావులంతా వలస పోతున్నారని వాపోయేవాళ్లు ఈ త్యాగాన్ని గుర్తించాలి. పోయింది మేధ ఒక్కటే, సర్టిఫికెట్టు మాతృభూమిని విడిచిపెట్టలేదు.

పనిచేసే ఉద్దేశం లేకుండా షాపుకి సర్టిఫికెట్టు ఇవ్వడం వృత్తిలో తప్పుడు నడవడిక అని 2015 రెగ్యులేషన్లు చెబుతాయి. ఫార్మసిస్టు కానివాడు చీటీ చూసి మందు ఇవ్వకూడదని 1948 చట్టం 42వ సెక్షను ఏనాడో చెప్పింది. ఇస్తే, 2023లో సవరించేదాకా, ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉండేవట. బియ్యం ధర పెరిగింది, బస్సు టిక్కెట్టు పెరిగింది, ఆ వెయ్యి మాత్రం దశాబ్దాల తరబడి వెయ్యిగానే ఉండిపోయింది. గల్లాపెట్టె సైతం నవ్వుకునే మొత్తం.

అలాగని అద్దెకిచ్చినవాణ్ణి ఒక్కణ్ణే ఉతకడం న్యాయం కాదు. రెండేళ్లు డిప్లొమా చదివి, 500 గంటల శిక్షణ పూర్తిచేసి, కౌన్సిల్లో పేరు రాయించుకుని, ఉద్యోగం ఇవ్వండని షాపుకి వెళ్తే యజమాని అడిగే మొదటి ప్రశ్న "కాగితం తెచ్చావా?" అని. తెచ్చానంటే "అయితే నువ్వు వెళ్లొచ్చు" అంటాడు. రోజంతా నిలబడతానని జీతం అడిగితే ఎక్కువ అడిగినట్టు, అసలు రానని అద్దె అడిగితే సబబుగా అడిగినట్టు. ఏడు నుంచి పదకొండు దాకా తెరిచే షాపుకి నిజానికి ఇద్దరు ఫార్మసిస్టులు కావాలి, ఒక మనిషి పదహారు గంటలు నిలబడలేడు కాబట్టి. ఇద్దరంటే రెండో ఫ్రేముకి మేకు కొట్టాలి. స్వామివారి పటం జరపాల్సొస్తుంది. అపచారం.

సరే, ఫ్రేము కింద నిలబడి మందులిచ్చేది కుర్రాడు. చెడ్డవాడు కాదు, చెయ్యి చురుకు, మాట నెమ్మది. శాసనాలు చదివే పండితులు కూడా చేతులెత్తేసే డాక్టరు రాతని ఆటో హారన్ల మధ్య నిలబడి గడగడా చదివేస్తాడు. చదవలేనిచోట మొదటి అక్షరం పట్టుకుని, మనిషి మొహం చూసి, రోగం ఊహించి పూరిస్తాడు. చీటీలో రాసిన కంపెనీది లేకపోతే "అదీ ఇదీ ఒకటేనండీ" అంటాడు. చీటీ మీదే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందైతే అందులో ఉన్నది తప్ప ఇంకోటి ఇవ్వకూడదని రూలు. వాడికెవరు చెప్పారు? చెప్పాల్సినాయన పైనున్నారు, అద్దం వెనక.

మొన్న నా ముందు ఒక మామ్మగారు నిలబడ్డారు. "బాబూ, బీపీ బిళ్లలు నాలుగియ్యి నాయనా, పింఛను పడ్డాక మిగతావి పట్టుకెళ్తా." కుర్రాడు స్ట్రిప్పు తీశాడు, కత్తెర తీశాడు. బ్యాచి నంబరూ గడువు తేదీ స్ట్రిప్పుకి ఒక చివరే అచ్చయి ఉన్నాయి. కత్తెర రెండో చివర పడింది. నాలుగు బిళ్లల తునక మామ్మగారి చేతికి, తేదీ ఉన్న ముక్క తిరిగి డబ్బాలోకి. తప్పు పట్టలేం, షాపులో మిగిలిన సరుక్కి తేదీ ఉండాలిగా. మామ్మగారి దగ్గరికి తనిఖీకి ఎవరొస్తారు? బిల్లు మీదైనా బ్యాచీ గడువూ ఉండాలి, కానీ నాలుగు బిళ్లలకి బిల్లేమిటి, నవ్వుతారు. కుర్రాడు వెండి రేకు మీద పెన్నుతో ఒక్క గీత గీశాడు. "పొద్దున్నే ఒకటి, మామ్మా."

మందు దేనికో, ఎలా వాడాలో, ఒకపూట మరిచిపోతే ఏం చెయ్యాలో, కళ్లు తిరిగితే ఏమిటో, ఎక్కడ దాచుకోవాలో రోగికి అర్థమయ్యేలా ఫార్మసిస్టు కూర్చోబెట్టి చెప్పాలని రెగ్యులేషన్లలో పెద్ద పాఠమే ఉంది. ఆ పాఠమంతా ఆ ఒక్క గీతలో ఇమిడిపోయింది. సూత్రం షాపువాళ్లది, భాష్యం మామ్మగారే రాసుకోవాలి. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలన్నది ఇంకో నియమం. డిగ్రీల సంగతి నేను చూడలేదు గానీ, పెరుగు గిన్నెకీ కూల్‌డ్రింకు సీసాకీ మధ్య ఉండగా చూశాను.

2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అని ఇంకొకటి అమల్లోకి వచ్చింది. మొదట 46 మందులు. నిద్రబిళ్లలు, కోడీన్, క్షయ మందులు, పెద్ద యాంటీబయాటిక్కులు అందులోవే. ఇవి అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారు, అంతా విడిగా ఒక రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. మా షాపు రిజిస్టరు చూసే భాగ్యం ఒకసారి కలిగింది. ముత్యాల్లాంటి రాత. నెల మొదటి తేదీ నుంచి చివరి తేదీ దాకా ఒకే కలం, ఒకే సిరా, ఒకే ఒరవడి. చూస్తే ఒక్క కూర్చోవడంలో పూర్తయినట్టుంది. రోగులంతా చక్కని పేర్లవాళ్లు. మా వీధిలో ఎవరూ ఎరగరు వాళ్లని.

చీటీ సంగతికొస్తే, చట్టానికి తెలుగు రాకపోవడం వల్ల వచ్చిన చిక్కొకటుంది. రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ రాస్తేనే ఈ మందులు అమ్మాలని డబ్బా మీద అచ్చేస్తారు. పొడి అక్షరాల్లో ఆరెంపీ. మన ఊళ్లలో ఆరెంపీ డాక్టరంటే ఎవరో చెప్పక్కర్లేదు: సంచిలో సూదీ, జేబులో స్టెతస్కోపూ పెట్టుకుని మోటార్ సైకిలు మీద గుమ్మంలోకి వచ్చే పెద్దమనిషి. ఏ మెడికల్ కౌన్సిల్లోనూ ఆయన పేరుండదు, ఊరి జనం నోళ్లలో మాత్రం ఉంటుంది. పాపం ఢిల్లీ రాసిందొకటి, మనం చదువుకున్నదొకటి. అక్షరం పొల్లుపోకుండా చట్టాన్ని పాటించే జాతి ఏదైనా ఉంటే అది మనదే.

ఆ ఫార్మసీ చట్టం వచ్చిన 1948లోనే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో అమెరికాలో తేలిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ లోకానికి తెలిసింది. ఆ ఏడే ఆయన పోయారు. అలాంటి మందుని అదుపు లేకుండా మింగకండర్రా అని 2016లో కేంద్ర ఆరోగ్యశాఖ స్ట్రిప్పు మీది ఎర్ర గీతని చూపించి ప్రచారం చేసింది. ఆ గీత మనకి బాగానే పనికొచ్చింది. "అన్నా, ఎర్ర గీత ఉన్న స్ట్రాంగ్‌ది ఇవ్వు" అని అడగడం నా చెవులారా విన్నాను.

ఇక తనిఖీ రోజు. ఇన్‌స్పెక్టరు గారు పక్క వీధిలో జీపు దిగేలోపే వాట్సాప్‌లో కబురు దిగుతుంది. సగం షట్టర్లు కిందికి, నిద్రబిళ్లల డబ్బాలు అటక మీదికి. ఓసారి మా షాపులో నిజంగానే గోడ మీది మనిషి నేల మీద కనిపించారు. ఎక్కణ్ణుంచి, ఎవరి స్కూటీ మీద వచ్చారో గానీ, తెల్ల కోటు తొడుక్కుని కౌంటరు వెనక నిలబడ్డారు. ఫార్మసిస్టు తెల్ల కోటు వేసుకోవాలి, పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్న బ్యాడ్జీ పెట్టుకోవాలి మరి. కోటుకి నిలువునా అడ్డంగా మడతలు, ప్లాస్టిక్ కవరులోంచి అప్పుడే తీసిన చొక్కాలా. పారాసెటమాల్ ఏ అరలో ఉందని అడిగితే ఆయన కుర్రాడి మొహం చూశారు. ఇన్‌స్పెక్టరు గారు ఫారం 35 తనిఖీ పుస్తకంలో ఏదో రాసి సంతకం పెట్టి వెళ్లారు. ఏం రాశారో నాకు తెలీదు. మర్నాటికి కోటు లేదు, ఆయనా లేరు, ఫ్రేము ఉంది.

ఫార్మసిస్టు లేకుండా, దొంగ ఫార్మసిస్టుతో మందుల షాపులూ ఆస్పత్రులూ నడవనివ్వడమంటే జనం ప్రాణాలతో ఆడుకోవడమేనని 2022 నవంబరులో బీహార్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే అంది. చదివి నేనూ గట్టిగానే తలూపాను. ఆ వారమే నాకు గొంతు నొప్పి వచ్చింది. ఊరి రెండో చివర నిజంగా కళ్లద్దాలూ కోపమూ ఉన్న ఒక ఫార్మసిస్టు అమ్మగారు కూర్చునే షాపుంది. వెళ్లి యాంటీబయాటిక్ మూడు రోజులకి అడిగాను. "చీటీ ఏదండీ?" అందావిడ. లేదన్నాను. "అయితే ఇవ్వను. ఉప్పునీళ్లు పుక్కిలించండి, తగ్గకపోతే డాక్టరుకి చూపించండి" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. డబ్బులిచ్చి కొనేవాణ్ణి పట్టుకుని నాకు నీతులా? ఆ షాపు మొహం మళ్లీ చూడలేదు. అక్కడ ఈగలు తోలుకుంటూ కూర్చునుంటుంది, కూర్చోనీ.

నేరుగా మా వీధి షాపుకొచ్చాను. కుర్రాడు ఏమీ అడగలేదు. గొంతు విని స్ట్రిప్పు తీశాడు, రెండు గీతలు గీశాడు, గ్యాస్ బిళ్ల ఒకటి తోడుగా వేశాడు. ఆఫీసులో పెట్టుకోవాలి, బిల్లు కావాలన్నాను. మిషను బిల్లు కక్కింది. డాక్టరు పేరు దగ్గర "సెల్ఫ్" అని ఉంది. అడుగున "రిజిస్టర్డ్ ఫార్మసిస్టు సంతకం" అని చుక్కల గీత. కుర్రాడు సొరుగులోంచి రబ్బరు స్టాంపు తీశాడు. సంతకం ముద్ర. కొట్టాడు, పడలేదు. ప్యాడు ఎండిపోయింది. మూత తీసి మళ్లీ అద్ది కొట్టాడు, సగమే పడింది. అప్పుడు స్టాంపుని నోటి దగ్గర పెట్టుకుని "హా" అని గట్టిగా ఊపిరి ఊది, బలంగా ఒత్తాడు. ఈసారి పేరు పూర్తిగా పడింది.