ఒక అంగడి, నాలుగు ఆదాయాలు

చిల్లర వ్యాపారికి ఏడాదికి ఎంత మిగులుతుందో ఆ వ్యాపారికే తెలియదన్న సత్యాన్ని అధికారికంగా అంగీకరించిన ఘనత ఆదాయపు పన్ను చట్టానిది. ఏటా 2 కోట్ల రూపాయల లోపు అమ్మకాలు గలవారు చిట్టా, ఆవర్జాల జోలికి పోకుండా అమ్మకాలలో నూటికి 8 వంతులను లాభంగా చూపవచ్చుననీ, బ్యాంకు ద్వారానో ఫోన్ ద్వారానో వచ్చిన సొమ్ముకైతే 6 వంతులు చాలుననీ 1961 చట్టంలోని 44ఏడీ సెక్షన్ చెప్పగా, 2025 నాటి కొత్త చట్టం సెక్షన్ నంబరు మార్చి సూత్రాన్ని అలాగే ఉంచింది. దీనినే అంచనా ఆదాయం అంటారు. నిజంగా అంతకు మించి మిగిలితే ఆ మిగిలినదే చూపవలెనన్న మాట కూడా అక్కడే ఉన్నది గాని, కర్నూలు వన్ టౌన్ మొదలుకొని ప్రొద్దుటూరు బజారు వరకు ఆ వాక్యం దాకా చదివిన కళ్లద్దాలు అరుదు.

కర్నూలులో రోజుకు సుమారు 10 వేల గల్లా, అనగా ఏడాదికి 36 లక్షల అమ్మకాలు గల ఒక కిరాణా అంగడిని ఊహించుకొంటే, అంతా నగదైతే దాని లాభం 2.88 లక్షలు, అంతా ఫోన్ అయితే 2.16 లక్షలు; కొత్త విధానంలో 4 లక్షల దాకా పన్నే లేదు గనుక, ఆ రెండు వంతుల రాయితీ ఉపవాసికి అరగని పిండివంటను తగ్గించి వడ్డించినట్టు ఉంటుంది. పైగా సరుకు కోసం నూటికి రెండు రూపాయల వడ్డీకి, అనగా ఏడాదికి 24 శాతానికి, తెచ్చిన అప్పు సంగతి చట్టం వినదు. ఖర్చులన్నీ ముందే పోయినట్టు అది భావించుకొన్నది.

అయితే ఈ లాభం ఆడిటర్ గారి గది దాటి బయట కాలు పెట్టదు. తెల్ల కార్డు కావలసినప్పుడు, పట్టణంలో కుటుంబ ఆదాయం నెలకు 12 వేలు దాటరాదు గనుక, అదే అంగడి ఏడాదికి 1.44 లక్షల లోపలికి కుంగిపోతుంది. ఇంటి అప్పుకు బ్యాంకు మేనేజరు పాత రిటర్నులు అడిగిన నాడు, ఇంత తక్కువ చూపినందుకు ఆడిటర్ గారి మీదనే కోపం వస్తుంది. కొడుక్కు సంబంధం చూసే నాడు మాత్రం మధ్యవర్తి గొంతు తగ్గించి, "యాడాదికి ఇరవై లచ్చలకు తక్కువ ల్యా బావా" అంటాడు. నాలుగింటికీ గల్లాపెట్టె ఒక్కటే.

ఈ సీమకు అంచనాలు కొత్త కాదు. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి ధారపోయగా కలెక్టరై వచ్చిన థామస్ మన్రో పొలం పొలానికీ కొలత వేయించి శిస్తు కట్టించాడు. మగ్గాలకూ అంగళ్లకూ మొహతర్ఫా అనే వృత్తి పన్ను వేరే ఉండేది. తన సర్వే రేట్లను నూటికి 25 వంతులు తగ్గించాలని 1807లో అతడే సిఫారసు చేసినా, గవర్నరై తిరిగి వచ్చిన తరువాతనే అది అమలయింది. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించిన ఆ దొర పేరిట జనం పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారు. జీఎస్టీ అధికారి పేరు పెట్టుకొన్న పసివాడు ఇంతవరకు తారసపడలేదు.

జీఎస్టీకి వస్తే, సరుకులమ్మే వ్యాపారి తుంగభద్రకు ఇవతల కర్నూలులో 40 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, నది దాటి తెలంగాణలోని అలంపూర్ చేరితే 20 లక్షలకే చేయించుకోవాలి; అంటే మన 36 లక్షల అంగడి వంతెనకు ఈ కొసన చిన్నది, ఆ కొసన పెద్దది. ఫోన్ సొమ్ముకు ఒక శాఖ రాయితీ ఇస్తుండగా, 2025 జూలైలో కర్ణాటకలో ఆ ఫోన్ లెక్కలనే పట్టుకొని మరొక శాఖ చిన్న వ్యాపారులకు నోటీసులు పంపడంతో, బెంగళూరు అంగళ్లలో నగదు మాత్రమేనన్న కాగితాలు వెలిశాయి. ఆ కబురు చేరిన కర్నూలు అంగడిలో తక్కెడ పక్కనున్న స్పీకరు డబ్బా నలభై రూపాయలు అందినవని ఇప్పటికీ బజారంతా వినిపించేలా చాటుతూనే ఉంటుంది. పెళ్లి సరుకుల చీటీతో గిరాకీ మెట్లెక్కినప్పుడు మాత్రం యజమాని క్యూఆర్ బోర్డుకు అడ్డంగా ఉల్లిగడ్డల సంచిని జరుపుతాడు.